పార్స్‌నిప్ పొడి కొనాలా, గెనుసుగడ్డలు ఉడకబెట్టుకోవాలా?

పెన్న ఒడ్డున
నెల్లూరు వాట్సాప్ గుంపుల్లో వారం రోజులుగా ఒకటే పోస్టు తిరుగుతా ఉంది. "పార్స్‌నిప్ దుంప: షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు, రక్తహీనత, అన్నిటికీ ఒకటే మందు." కింద పొడి డబ్బా బొమ్మ, 100 గ్రాములు 600 రూపాయలంట. దుంప చూస్తే తెల్ల క్యారెట్ మాదిరి ఉంది. అసలు దీంట్లో ఏముంది, ఎంతుంది? షుగరు ఉన్నోళ్ళు తినొచ్చా? పచ్చిది చెన్నైలో విదేశీ కూరగాయల కొట్లలో అప్పుడప్పుడు దొరుకుతుందంటున్నారు, తెప్పించుకుంటే వండేదెట్టా? లెక్కలతో చెప్పండి. "చాలా మంచిది" అని మాత్రం చెప్పొద్దు.

ఒంగోలు గిత్త
చాలా మంచిది.

ఒంగోలు గిత్త
కోప్పడొద్దులే. ముల్లంగికి ఇంగ్లీషు పేరు పెట్టి ఆరొందలు చేశారు, అంతకుమించి ఏం లేదు.

పథ్యం పట్టిక
ముల్లంగి కాదు గిత్తన్నా. ముల్లంగి ఆవాలు, క్యాబేజీ కుటుంబం. ఇది క్యారెట్ కుటుంబం. పైకి ఒకే రంగు గానీ లోపల సరుకు వేరు. ముల్లంగి 100 గ్రాములకు 16 కేలరీలే, దాదాపు నీళ్ళు. పార్స్‌నిప్ 75 కేలరీలు, అంటే బంగాళదుంప (77) పక్కన కూర్చోబెట్టాల్సిన దుంప.

పచ్చి పార్స్‌నిప్ 100 గ్రాములకు లెక్క ఇది. నీళ్ళు 80 గ్రాములకు కాస్త తక్కువ. పిండిపదార్థాలు 18 గ్రాములు, అందులో పీచు 4.9, చక్కెరలు 4.8. ప్రోటీన్ 1.2, కొవ్వు 0.3. విటమిన్ సి 17 మి.గ్రా., ఫోలేట్ (రక్తం పట్టడానికి కావాల్సిన ఒక బి విటమిన్) 67 మైక్రోగ్రాములు, విటమిన్ కె 22 మైక్రోగ్రాములు, విటమిన్ ఇ 1.5 మి.గ్రా. పొటాషియం 375 మి.గ్రా., మెగ్నీషియం 29, కాల్షియం 36, ఇనుము 0.6, సోడియం 10. మాంగనీస్ 0.56 మి.గ్రా., ఒక దుంపకు అది బాగా ఎక్కువే.

వీటిలో నిజంగా చెప్పుకోదగ్గవి పీచు, ఫోలేట్. పీచు బంగాళదుంపకు రెండింతల పైన. ఫోలేట్ క్యారెట్‌కు (19) మూడింతల పైన. మాంగనీస్ పక్కన పెడితే మిగతావన్నీ మామూలే.

కావలి రైలుగేటు
క్యారెట్ కుటుంబం అంటున్నారు కాబట్టి కళ్ళకు కూడా మంచిదేమో?

పథ్యం పట్టిక
కాదు. క్యారెట్‌కు ఆ నారింజ రంగు ఇచ్చే బీటా కెరోటినే ఒంట్లో విటమిన్ ఏ అవుతుంది. పార్స్‌నిప్ తెల్లదెందుకంటే ఆ పదార్థం లేదు గనక. విటమిన్ ఏ దాదాపు సున్నా. క్యారెట్ మానేసి ఇది తింటే కళ్ళకు నష్టమే.

మసాలా డబ్బా
ఈ కుటుంబంలో జీలకర్ర, ధనియాలు, సోంపు, వాము కూడా ఉన్నాయి. పార్స్‌నిప్ కోస్తే వచ్చే తీపి, ఘాటు కలిసిన వాసన అందుకే. ధనియాలో సోంపో పడని ఎలర్జీ ఉన్నోళ్ళు మొదటిసారి చిన్న ముక్కతో ఆగండి. నోరు దురద పెట్టినా, పెదాలు ఉబ్బినా ఇక ముట్టుకోవద్దు.

ఒంగోలు గిత్త
మనింట్లో ధనియాలు పడకపోతే ఇక వంటే లేదు కదబ్బా.

పెన్న ఒడ్డున
సరే, షుగరు సంగతి? తిన్నది రక్తంలో షుగరు ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ (గ్లూకోజుకు 100) ఒకచోట 97 అనుంది, ఇంకోచోట 52 అనుంది. దాదాపు సగానికి సగం తేడా. ఏది నమ్మాలి?

సింగరాయకొండ ప్యాసింజర్
97 అయితే గ్లూకోజు తాగినట్టే. షుగరు ఉన్నోళ్ళు దాని జోలికి పోకపోవడమే మేలు.

పథ్యం పట్టిక
రెండూ అచ్చయిన అంకెలే. 97 పాతకాలం కొలత, కొద్దిమంది మీద చేసింది, అందులోనే ఇటూ అటూ 19 తేడా రాసి ఉంది. 52 తర్వాత ఉడికించిన దుంపతో తేల్చింది. ఏది పట్టుకున్నా కొలత ఎట్టా చేస్తారో ముందు చూడండి. 50 గ్రాముల పిండిపదార్థం వచ్చేంత తినిపించి రెండు గంటలు రక్తం చూస్తారు. పార్స్‌నిప్‌లో పీచు తీసేస్తే 100 గ్రాములకు 13 గ్రాములే మిగుల్తుంది. 50 గ్రాములు రావాలంటే 380 గ్రాముల పైన తినాలి. ఇంట్లో ఎవరూ కూర్చొని అంత తినరు.

80 గ్రాములు తింటే ఒంటికి చేరేది పది, పదకొండు గ్రాముల పిండి. అదే 150 గ్రాముల అన్నంలో 42 గ్రాములు. ప్యాసింజర్ గారు, మన దగ్గర షుగరు పెంచేది దుంప కాదు, రెండోసారి వడ్డించుకునే అన్నం.

మొలగొలుకులు
మా బియ్యం మీద పడకండి సార్.

సింగరాయకొండ ప్యాసింజర్
పట్టిక గారు, లెక్క ఒప్పుకుంటా. కానీ అన్నం ఎప్పుడూ తినేంత తిని, పైన ఈ దుంప "మందు" అని ఇంకో వంద గ్రాములు తింటారు మనోళ్ళు. నా భయం అది.

పథ్యం పట్టిక
ఆ భయం న్యాయమైనదే. దుంపను కూరగా లెక్కపెట్టకూడదు, అన్నంగా లెక్కపెట్టాలి. 100 గ్రాముల దుంప తింటే పళ్ళెంలో సుమారు 45 గ్రాముల అన్నం తగ్గించాలి, అంటే పెద్ద గరిటెలో ముప్పాతిక. తిన్న రెండు గంటలకు వేలు పొడిచి చూసుకుంటే ఎవరి ఒంటికి ఎట్టా ఉందో వాళ్ళకే తేలుతుంది. మెత్తగా రుబ్బి సూపు చేస్తే త్వరగా అరుగుతుంది, ముక్కలుగా తింటే నిదానం.

గూడూరు నిమ్మ
పొడి గురించి ఎవరూ చెప్పలేదే?

కూరల బుట్ట
నేను చెప్తా. దుంపలో ఎనభై పాళ్ళు నీళ్ళు. ఎండబెడితే 100 గ్రాముల దుంపకు 20 గ్రాముల పొడి వస్తుంది. డబ్బా మీద "రోజూ ఒక చెంచా" అంటారు. చెంచా అంటే 5 గ్రాములు, అంటే 25 గ్రాముల పచ్చి దుంప, చూపుడు వేలంత ముక్క. అందులో పీచు గ్రామున్నర కూడా ఉండదు, పొటాషియం 90 మి.గ్రా. చిల్లర. ఎండబెట్టేటప్పుడు వేడికీ గాలికీ విటమిన్ సి చాలావరకు పోతుంది, నిలవలో ఇంకాస్త పోతుంది. 100 గ్రాములు 600 అంటే చెంచా ముప్పై రూపాయలు.

ముప్పై రూపాయలు పెట్టి జామకాయలు కొనుక్కోండి. 100 గ్రాముల జామకాయలో విటమిన్ సి 200 మి.గ్రా. దాటుతుంది, పీచు 5 గ్రాముల పైనే. పార్స్‌నిప్ విటమిన్ సిలో జామకాయ ముందు నిలబడలేదు.

పెన్న ఒడ్డున
రక్తహీనతకు, మోకాళ్ళకు అన్నది?

కూరల బుట్ట
ఇనుము 0.6 మి.గ్రా. దానితో రక్తం పట్టదు. ఫోలేట్ లోపం వల్ల వచ్చే రక్తహీనతకు మాత్రం కాస్త పనికొస్తుంది, అదీ రోజూ తింటే. గర్భిణికి రోజుకు కావాల్సిన ఫోలేట్ 570 మైక్రోగ్రాములు. 100 గ్రాముల ఉడికిన దుంప ఇచ్చేది 58. డాక్టరిచ్చిన మాత్ర మానేసి దుంప తింటే మోసపోతాం. మోకాళ్ళకు కాల్షియం అనుకుంటే 36 మి.గ్రా. ఎక్కడ, రాగుల్లో 340 పైన ఎక్కడ. సంకటి ముద్ద ముందు ఇది నిలవదు.

కనిగిరి గాలి
బీపీ మాటో? పొటాషియం బాగుంది గదా.

పథ్యం పట్టిక
సోడియం 10, పొటాషియం 375, ఆ పొత్తు మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటొద్దని, పొటాషియం 3510 మి.గ్రా. అయినా ఉండాలని. దుంప పక్కన ఎండు చేపలు, నిమ్మకాయ ఊరగాయ, పైన మజ్జిగలో ఉప్పు ఉంటే మాత్రం ఆ పొటాషియం చేసేదేం లేదు. బీపీ మాత్ర ఆపడానికి ఇది సాకు కాదు.

కనిగిరి గాలి
అడగడానికి కారణం ఉంది. మా వైపు కిడ్నీ మనుషులు ఊరికి కొందరున్నారు. ఈ పోస్టు వాళ్ళకూ పోతోంది.

పథ్యం పట్టిక
వాళ్ళకు మాత్రం ఇది తేలిగ్గా తీసుకునే మాట కాదు. కిడ్నీ పనితనం బాగా తగ్గినోళ్ళకు, డయాలసిస్ మీదున్నోళ్ళకు చాలామందికి డాక్టర్లు పొటాషియం రోజుకు 2000 మి.గ్రా. లోపే ఉండాలంటారు. పొటాషియం రక్తంలో నిలిచిపోతే గుండె కొట్టుకోవడం తప్పుతుంది. పొడి అయితే ఇంకా ప్రమాదం, ఎంత వేసుకున్నామో తెలియదు.

తప్పనిసరిగా తినాలంటే డాక్టరును అడిగి ఇట్టా చేయాలి. తోలు తీసి 3 మిల్లీమీటర్ల మందం బిళ్ళలు కోయండి. ముక్కలకు పదింతల గోరువెచ్చని నీళ్ళలో కనీసం రెండు గంటలు నానబెట్టండి. వంపేసి, కడిగి, ఐదింతల కొత్త నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు కూడా పారబోయండి. పొటాషియం తగ్గుతుంది గానీ మొత్తం పోదు. విటమిన్ సి, ఫోలేట్ కూడా ఆ నీళ్ళతోనే పోతాయి. అంత చేశాక తినడానికి ఏముందంటే, ఏం లేదు. బీరకాయ, సొరకాయ నయం.

కనిగిరి గాలి
ఈ మాట అక్కడ గుంపులో పెడతా.

కందుకూరు కంద
వండే పద్ధతి ఎవరైనా చెప్పండి. కందలాగా గొంతు దురద పెడుతుందా? చింతపండు వేయాలా?

ఒంగోలు గిత్త
కందుకూరు కంద, ముందు నువ్వు ప్రకాశమా నెల్లూరా తేల్చు.

కందుకూరు కంద
2022లో నెల్లూరులో కలిపారు, ఆ తర్వాత మళ్ళీ ప్రకాశంలో కలిపారు. కంద మాత్రం అప్పుడూ ఇప్పుడూ దురదే.

వంటింటి మామ్మ
దురద పెట్టదు. కందకూ చేమకూ ఉన్న సూది లాంటి స్ఫటికాల పోటు దీనికి లేదు. చింతపండు దురదకు కాదు, తీపి తగ్గించడానికి వేయాలి. ఇది ఎక్కువ తియ్యగా ఉంటుంది, మన కారానికి ఆ తీపి ఒక్కోసారి ఎబ్బెట్టుగా తగుల్తుంది.

కొనేటప్పుడు గట్టిగా, పైన నాలుగైదు సెంటీమీటర్ల లావు మించనిది చూడండి. వంచితే వంగేది వద్దు. లావు దుంప లోపల నడిమి ఊచ చెక్కలాగా ఉంటుంది, ఎంత ఉడికినా నమలలేం. నిలువుగా నాలుగు చీరి ఆ ఊచను తీసేయాలి. సన్నదైతే అక్కర్లేదు. కోసిన ముక్క గాలికి నల్లబడుతుంది, లీటరు నీళ్ళలో అర నిమ్మచెక్క పిండి అందులో వేయండి.

వేపుడుకు: 250 గ్రాములు, రెండు సెంటీమీటర్ల ముక్కలు. మరిగే నీళ్ళలో 3 నిమిషాలు ఉంచి వార్చి, గుడ్డ మీద తడి ఆరనివ్వండి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు, ముక్కలు వేసి చిన్న సెగ మీద 12 నిమిషాలు. పెద్ద మంట పెడితే అందులో ఉన్న చక్కెర ముందు మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. కారం, ఉప్పు, పప్పుల పొడి దింపే ముందు వేయాలి. పులుసులోకైతే కుక్కర్ వద్దు, ఒక్క కూతకే జావ. విడిగా ఎనిమిది, పది నిమిషాలు ఉడికితే చాలు.

గూడూరు నిమ్మ
నిమ్మచెక్క అని మా ఊరికి పని చెప్పారు, సంతోషం.

తోలు పిచ్చి
తోలులోనే పోషకాలన్నీ ఉంటాయి. తోలు తీసేస్తే తిన్నట్టేనా? కడిగి అట్టానే వండుకోవాలి.

మందుల చీటీ
దీనికి ఆ మాట వర్తించదు. పార్స్‌నిప్‌లో సోరాలెన్లు అనే పదార్థాలున్నాయి, ఎండ తగిలితే చర్మం కాలేట్టు చేసేవి. అవి తోలులో, దెబ్బతిన్న చోట, బూజు పట్టిన చోట ఎక్కువ పోగవుతాయి. 1981లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన వీటిని లెక్కగట్టింది, వండినా పోవని తేల్చింది. మామూలుగా తినే మోతాదులో భయం లేదు. కానీ తోలు పలుచగా తీసేయడం, మచ్చలున్న ముక్క కోసి పారేయడం మంచిది. పీచు లోపల కూడా ఉంది, పోయేది తక్కువ.

ఇంకో సంగతి. బొల్లికి, సోరియాసిస్‌కు మెథాక్సాలెన్ మాత్ర వేసి వెలుతురు వైద్యం చేస్తారు. ఆ మాత్ర కూడా ఇదే జాతి పదార్థం. అందుకే ఆ వైద్యంలో ఉన్నోళ్ళను పార్స్‌నిప్, అత్తి పండు, సెలరీ లాంటివి తినొద్దంటారు, తింటే చర్మం కాలిపోయే అవకాశం పెరుగుతుంది. బొల్లికి బావంచాలు వాడేవాళ్ళూ జాగ్రత్త, అందులోనూ సోరాలెనే.

తోలు పిచ్చి
ఇది తెలీదు. తోలు వదిలేస్తున్నా, దీనికి మాత్రమే.

సింగరాయకొండ ప్యాసింజర్
గుండె వాల్వు మార్చినోళ్ళు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వేసుకుంటారు గదా, గడ్డకట్టించే విటమిన్ కె దీంట్లో ఉందన్నారు?

మందుల చీటీ
100 గ్రాములకు 22 మైక్రోగ్రాములు. పాలకూరలో 480 దాకా ఉంటుంది, దానితో పోల్చితే ఇది చిన్నది. వార్ఫరిన్ మీదున్నోళ్ళు విటమిన్ కె మానాల్సిన పనిలేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో ఉండాలి. ఒక వారం అరకిలో, తర్వాతి వారం సున్నా అంటే రక్తపరీక్ష అంకె ఊగుతుంది.

పెన్న ఒడ్డున
పిల్లలకు?

మందుల చీటీ
ఆరు నెలలు దాటాక తోలు, నడిమి ఊచ తీసి మెత్తగా ఉడికించి చిదిమి పెట్టొచ్చు. మొదట ఒకటి రెండు చెంచాలు, మూడు రోజులు వేరే కొత్తది కలపకుండా చూడండి. ఉప్పు, పంచదార వద్దు, దానికే తీపుంది.

ఉప్పుటేరు రైతు
నవంబర్లో మా ఇసక నేలలో వేసి చూస్తే ఎట్టుంటుంది? ఇసకలో దుంప బాగా ఊరుతుంది గదా.

విత్తనం సంచి
నేల ఒక్కటే మీది, మిగతావన్నీ దానికి పడనివే. విత్తనం మొలవడానికి నేల 10 నుంచి 20 డిగ్రీలుండాలి, అప్పుడు కూడా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మన దగ్గర నవంబరంటే ఈశాన్య రుతుపవనాల వానలు, గింజ మొలవకముందే కుళ్ళుతుంది. వానలు తగ్గి డిసెంబరాఖరుకు వేస్తే దుంప ఊరడానికి నాలుగు నెలల పైన కావాలి, అప్పటికి ఏప్రిల్ ఎండ తగులుతుంది. దాని తీపి మంచు పడితేనే తేలుతుంది, చలికి పిండి చక్కెరగా మారుతుంది. నెల్లూరులో మంచు ఎక్కడిది?

పైగా ఈ విత్తనం ఏడాది దాటితే దాదాపు మొలవదు. ఆన్‌లైన్‌లో కొన్న పాకెట్ ఎప్పటిదో ఎవరికి తెలుసు. మొలిచినా ఆకుల పసరు చేతికంటి ఎండ పడితే ఒకటి రెండు రోజుల్లో బొబ్బలు లేస్తాయి, ఆ మచ్చ నెలలు ఉంటుంది. చీటీ గారు చెప్పిన సోరాలెన్ పనే అది. మన ఎండలో పొడుగు చేతుల చొక్కా లేకుండా ఆ మడిలో దిగకూడదు.

ఉప్పుటేరు రైతు
అర్థమైంది, వేరుశనగే వేసుకుంటా.

పెన్న ఒడ్డున
ఇక అసలు ప్రశ్న. దీనికి బదులు మన దగ్గరేది?

కూరల బుట్ట
ఒకే దుంప దీనికి అచ్చంగా సరిపోదు, ఒకటి రెండు కలిపి చూసుకోవాలి. పిండి, పొటాషియం, పీచు కొంత గెనుసుగడ్డలో వస్తాయి. 100 గ్రాములకు 86 కేలరీలు, పీచు 3 గ్రాములు, పొటాషియం 337. లోపల నారింజ రంగుదైతే విటమిన్ ఏ కూడా దండిగా ఉంటుంది, తెల్లదానిలో ఉండదు. విటమిన్ సి, ఇంకాస్త పీచు ఒక జామకాయతో సరి. ఫోలేట్‌కు శనగలు, పెసలు, ఆకుకూర.

సింగరాయకొండ ప్యాసింజర్
గెనుసుగడ్డ కాదు, చిలగడదుంప.

కూరల బుట్ట
పెన్న దాటాక మీరు ఏమన్నా అనుకోండి.

సింగరాయకొండ ప్యాసింజర్
రోడ్డు పక్కన కాల్చినది తినొచ్చా?

పథ్యం పట్టిక
షుగరు ఉంటే ఉడికించినదే. నిప్పుల్లో కాల్చితే పిండి ఎక్కువ భాగం తీపిగా మారుతుంది, షుగరు త్వరగా ఎక్కుతుంది. తోలుతోనే నీళ్ళలో ఉడకబెట్టి, చల్లారాక తినడం మేలు.

తోలు పిచ్చి
మన తాటి తేగలు చూడండి. అవీ తెల్లగా కొన తేలి, నడుమ ఊచ, తీపి, చారెడు పీచు. చూడటానికి ఆ దుంపకు అన్నదమ్ముల్లా ఉంటాయి.

వంటింటి మామ్మ
అదీ సరే. తేగలో కూడా నడిమి చంద్రం తీసే తింటాం గదా.

మందుల చీటీ
తేగలు కూడా పిండే, షుగరు లెక్కలో అన్నంలో కోత పడాల్సిందే. రెండు తేగలతో ఆపితే మంచిది.

పెన్న ఒడ్డున
పొడి వద్దు. చెన్నై పోయేవాళ్ళు తెస్తే ఒకసారి అరకిలో చూస్తా. ఫ్రిజ్‌లో ఎన్ని రోజులుంటుంది?

వంటింటి మామ్మ
ఆకు తొడిమె కోసేసి, కడగకుండా, రంధ్రాలున్న కవరులో పెట్టి కూరల అరలో ఉంచితే రెండు మూడు వారాలు. బయట మన వేడికి రెండు రోజులకే వడలిపోతుంది. చెన్నై నుంచి తెచ్చేవాళ్ళను ఏసీ బోగీలో రమ్మను.

పెన్న ఒడ్డున
ఒక్క మాట. పట్టిక గారు చెప్పిన 100 గ్రాములు తోలుతో తూయాలా, తీశాకా? ఉడికినాకా?

పథ్యం పట్టిక
తోలు, తల, ఊచ తీసేశాక, ఉడకక ముందు. కొన్నదానిలో పదిహేను పాళ్ళ దాకా పోతుందనుకోండి, లావు దుంపైతే ఇంకా ఎక్కువ. అరకిలో తెస్తే 400 గ్రాములు చేతికొస్తుంది, నలుగురికి ఒక పూట.